ఆడియో ఎడిటింగ్ ఎలా నేర్చుకోవాలి? ఆడాసిటీతో మొదటి అడుగు నుంచి

ఆడియో ఎడిటింగ్ నేర్చుకుందామని మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోతుంటారు. సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేస్తారు, వీడియో పాఠాలు వరసపెట్టి చూస్తారు, ఎఫెక్టుల పేర్లన్నీ నోటికొచ్చేస్తాయి. తీరా సొంత రికార్డింగ్ తెరిస్తే ఎక్కడ కోయాలో, ఎంత కోయాలో తోచదు. మెనూలు గుర్తున్నాయి కానీ చెవి ఇంకా అలవాటు పడలేదు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో కోర్సు కన్నా ముందు మీ గొంతు రికార్డు చేసుకుంటారు. కోత శుభ్రంగా వచ్చేదాకా ఎఫెక్టుల జోలికి వెళ్లరు.

ముందు ఒక సాఫ్ట్‌వేర్ పట్టుకోండి

మొదటిసారి నేర్చుకునేవాళ్లకి నేను చెప్పేది ఆడాసిటీ. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ కలిసి మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ 2000లో జనంలోకి వచ్చింది. ఇన్నేళ్లుగా వాడుకలో ఉంది కాబట్టి మీకొచ్చే ఏ సందేహమైనా ఈపాటికే ఎవరో అడిగి ఉంటారు, ఎవరో జవాబు చెప్పి ఉంటారు. కొత్తవాళ్లకి అంతకన్నా పెద్ద ఆసరా ఏముంటుంది?

డౌన్‌లోడ్ మాత్రం ఆడాసిటీటీమ్ డాట్ ఆర్గ్ అనే అధికారిక సైట్ నుంచే చేసుకోండి. అదే పేరుతో వేరే సైట్లలో దొరికే ఫైళ్లకి అక్కర్లేని ప్రోగ్రాములు అంటుకుని వస్తుంటాయి. 3తో మొదలయ్యే వెర్షన్ తీసుకోండి. పాత వెర్షన్లలో ఒక ప్రాజెక్టు అంటే ఒక ఫైలూ, పక్కనే వందల ముక్కలతో ఒక ఫోల్డరూ ఉండేవి. ఫోల్డర్ ఎక్కడైనా తప్పిపోతే పని మొత్తం పోయేది. 2021లో వచ్చిన 3.0 నుంచి ప్రాజెక్టంతా ఒకే ఫైల్లో ఉంటుంది. ఈ వ్యాసంలో చెప్పే మెనూల చోటు మీ వెర్షన్‌లో కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, పేర్లు మాత్రం దాదాపు ఇవే.

మీ దగ్గర మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ కూడా ఉచితమే. అది పాటల పనికి బాగుంటుంది. మాట మీద పని చేయడానికి నాకు ఆడాసిటీయే తేలిక అనిపిస్తుంది. రెండూ ఒకేసారి నేర్చుకోవద్దు. ఒకదాంట్లో చేయి తిరిగితే రెండోది దానంతటదే వస్తుంది.

హెడ్‌ఫోన్స్ విషయంలో ఒక్క మాట. ఖరీదైనవి అక్కర్లేదు, వైరుతో ఉన్నవి కావాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది. పైగా వాటిలోని మైక్ ఆన్ కాగానే వినిపించే నాణ్యత కూడా పడిపోతుంది. కోత ఎక్కడ పెట్టామో సరిగ్గా వినాల్సిన పనికి అవి నప్పవు.

కోర్సు ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ఉచితమా, డబ్బులు కట్టేదా అన్నది రెండో సంగతి. ముందు ఇవి చూడండి: సాధనకి ఫైళ్లు ఇస్తున్నారా? ప్రతి మార్పుకీ ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని రెండూ వినిపిస్తున్నారా? మీ దగ్గరున్న వెర్షన్ మీదే చెబుతున్నారా? మొదటి పాఠంలోనే ఎఫెక్ట్ మెనూ పైనుంచి కిందిదాకా చదివేసే కోర్సు అయితే వదిలేయండి, ఎంత పేరున్నదైనా సరే. అందులో సగం ఎఫెక్టులు మీకు ఏళ్ల తరబడి అవసరం పడవు.

కోర్సు ఏదీ దొరక్కపోయినా పర్వాలేదు. ఆడాసిటీకి సొంత మాన్యువల్ ఉంది, హెల్ప్ మెనూ నుంచి తెరుచుకోవచ్చు. మొదటి రికార్డింగ్ చేయడం, ఉన్న ఫైలుని ఎడిట్ చేయడం, మాట వెనక సంగీతం కలపడం, వీటికి అందులో విడివిడిగా పాఠాలున్నాయి. ఈ మూడూ అదే వరసలో చేస్తే మొదటి దశ దాటినట్టే. పాఠం చూస్తున్నప్పుడు వీడియో ఒక పక్క, మీ ప్రాజెక్టు ఒక పక్క తెరిచి ఉంచండి. వాళ్లు ఒక పని చూపించగానే వీడియో ఆపి, మీ రికార్డింగ్ మీద అదే పని చేయండి. అరగంట పాఠానికి గంటన్నర పట్టినా పట్టనివ్వండి.

మొదటి రికార్డింగ్

సాధనకి ముడిసరుకు మీ గొంతే. ఒక పేజీ ఏదైనా తీసుకుని రెండు నిమిషాలు చదవండి. ఆ తర్వాత కాగితం లేకుండా ఇంకో రెండు నిమిషాలు మాట్లాడండి. ఈ రెండోది తప్పనిసరి. చదివేటప్పుడు రాని తడబాట్లు, "అంటే", "అదే", "మరి" లాంటి మాటలు ఊరికే మాట్లాడేటప్పుడే దొర్లుతాయి. ఎడిటర్‌కి పని దొరికేది అక్కడే.

రికార్డు చేసే ముందు పైన ఉండే మీటర్ మీద నొక్కితే మైక్ స్థాయి కనిపిస్తుంది. గట్టిగా మాట్లాడిన చోట కూడా మీటర్ మైనస్ 12 డెసిబెల్‌కీ (సౌండ్ స్థాయి కొలత) మైనస్ 6కీ మధ్యలో ఆగేలా మైక్ స్థాయి పెట్టండి. డిజిటల్ ఆడియోలో 0 డెసిబెల్ అంటే ఆఖరి మెట్టు. దాన్ని తాకితే అలల తలలు బల్లపరుపుగా తెగిపోతాయి, గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. తక్కువ స్థాయిలో రికార్డయిన గొంతుని తర్వాత పెంచుకోవచ్చు. పగిలిన గొంతుని పూర్తిగా బాగుచేయడం మాత్రం అయ్యే పని కాదు.

మైక్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి తిప్పి ఉంచండి. సూటిగా ఎదురుగా ఉంటే "ప", "ఫ", "భ" పలికినప్పుడల్లా గాలి తగిలి "బుఫ్" మంటుంది. దుప్పట్లూ పరుపులూ పుస్తకాలూ ఉన్న గది ఖాళీ గది కన్నా మేలు. ఫ్యాన్ ఆపేయండి. గది ప్రతిధ్వనిని తర్వాత తీసేయొచ్చులే అనుకోవద్దు. ఒకసారి గొంతుతో కలిసిపోయాక దాన్ని విడదీయడానికి మామూలు ఎఫెక్టులు చాలవు.

ఇక అందరూ వదిలేసే పని ఒకటుంది. మాట్లాడటం మొదలుపెట్టే ముందు పది సెకన్లు ఊరికే కూర్చోండి, రికార్డింగ్ నడుస్తుండగానే. ఆ పది సెకన్లలో మీ గది నిశ్శబ్దం రికార్డవుతుంది. ఏ గదికీ పూర్తి నిశ్శబ్దం ఉండదు, దేని హోరు దానిదే. ఈ ముక్క తర్వాత రెండు చోట్ల పనికొస్తుంది.

ఫోన్‌లో రికార్డు చేసినా ఫర్వాలేదు. కాకపోతే ఎం4ఏ రకం ఫైలు ఆడాసిటీలో తెరవాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే లైబ్రరీ విడిగా వేసుకోవాల్సి రావచ్చు. ఫోన్ యాప్‌లో వేవ్‌గా సేవ్ చేసే వీలుంటే ఆ గొడవే ఉండదు. శాంపిల్ రేటు, అంటే సెకనుకి ఎన్నిసార్లు సౌండ్‌ని కొలవాలో చెప్పే అంకె, 44100 హెర్ట్జ్ పెట్టుకోండి, వీడియో కోసమైతే 48000. మనిషి చెవికి అందేది దాదాపు 20 వేల హెర్ట్జ్ వరకే, దానికి రెట్టింపు పైన శాంపిల్స్ ఉంటే చాలు. అందుకే సీడీలకి 44100 సరిపోయింది. ఒక్క గొంతే కాబట్టి మోనో చాలు.

చేతికి రావాల్సిన కీలు

మౌస్‌తో మెనూల్లో తిరుగుతూ నేర్చుకుంటే పని సాగదు. స్పేస్ కొడితే వినిపిస్తుంది, మళ్లీ కొడితే ఆగుతుంది. ఆర్ కొడితే రికార్డింగ్. కంట్రోల్ 1తో తెర మీది బొమ్మ దగ్గరికి జూమ్ అవుతుంది, కంట్రోల్ 3తో దూరానికి. కంట్రోల్ ఎఫ్ కొడితే ప్రాజెక్టు మొత్తం తెరకి సరిపోతుంది, కంట్రోల్ ఈ కొడితే సెలెక్ట్ చేసిన ముక్క తెరనిండా వస్తుంది. కంట్రోల్ ఐ క్లిప్‌ని రెండుగా విడగొడుతుంది. కంట్రోల్ బీ సెలెక్ట్ చేసిన చోట గుర్తు పెడుతుంది. చేసిన పనిని వెనక్కి తీసుకునే కంట్రోల్ జెడ్ గురించి చెప్పక్కర్లేదు. మ్యాక్ అయితే కంట్రోల్ బదులు కమాండ్. మొదటి వారం వీటితోనే గడపండి.

కోత: ఎక్కువ కాలం ఇక్కడే ఉండండి

ఆడియో ఎడిటింగ్ అంతా ఈ ఒక్క పనిలోనే ఉంది అంటే అతిశయోక్తి కాదు. వినేవాళ్లకి కోత పడిందని తెలియకూడదు, అంతే. అలా రావాలంటే ముందు వేవ్‌ఫార్మ్‌లో, అంటే సౌండ్‌ని అలలుగా చూపించే బొమ్మలో, మన అక్షరాలు ఎలా కనిపిస్తాయో తెలియాలి.

మీ రికార్డింగ్‌లో ఒక వాక్యం దగ్గరికి వెళ్లి కంట్రోల్ 1 నాలుగైదుసార్లు కొట్టండి. అచ్చులు లావుగా, ఒకే తీరులో మళ్లీ మళ్లీ వచ్చే అలల్లా ఉంటాయి. "స", "ష", "శ" సన్నగా, దట్టంగా, నూగులా కనిపిస్తాయి. "క", "ట", "త", "ప" దగ్గర చూడండి. అక్షరం పేలే ముందు ఒక చిన్న ఖాళీ ఉంటుంది. నోరో నాలుకో గాలిని అడ్డగించిన ఆ క్షణంలో శబ్దమే లేదు, గీత దాదాపు చదునుగా పడుకుని ఉంటుంది. కోతకి అంతకన్నా మంచి చోటు లేదు. "గ", "డ", "ద", "బ" దగ్గర కూడా ఆ విరామం ఉంటుంది కానీ గొంతులోని చిన్న నాదం అందులో నడుస్తూనే ఉంటుంది, పూర్తి ఖాళీ కాదు.

తెలుగులో పని చేసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఆ అచ్చు సాగుతూ పోయి తర్వాతి మాటలో కలుస్తుంది. మాట అయిపోయింది కదా అని అచ్చు మధ్యలో కోస్తే "టక్" మని వినిపిస్తుంది. మాట చివర కోయబోయే బదులు తర్వాతి మాట మొదట్లో ఉన్న హల్లు ముందు కోయండి.

ఒక ఉదాహరణ. "మేం రేపు... అంటే... పొద్దున్నే బయల్దేరతాం" అని మీరు అన్నారనుకుందాం. "అంటే" తీసేయాలి. "రేపు" చివరి ఉకారం సద్దుమణిగే చోట కర్సర్ పెట్టండి. అక్కడి నుంచి "పొ"కి ముందున్న ఖాళీ వరకు సెలెక్ట్ చేయండి. జెడ్ కీ ఒకసారి నొక్కండి. సెలెక్షన్ రెండు చివరలూ అల సున్నా గీతని దాటే చోటికి జరుగుతాయి, దాంతో టక్ శబ్దం వచ్చే అవకాశం తగ్గుతుంది. డిలీట్ కొట్టండి. రెండు సెకన్లు వెనక్కి వెళ్లి వినండి.

ఇప్పుడు "మేం రేపు పొద్దున్నే" అన్నది ఊపిరాడనంత గబగబా వినిపిస్తుంటే మీరు విరామం మొత్తం తినేశారన్నమాట. వెనక్కి తీసుకుని, ఆ విరామంలో కొంత ఉంచి మళ్లీ కోయండి. మనిషి ఆలోచించుకోవడానికి తీసుకునే క్షణం కూడా మాటలో భాగమే.

మరి మాట్లాడినాయన "రేపంటే" అని కలిపేశారనుకోండి. ఆ సంధిని విడదీయలేరు. "రేపు"లోని ఉకారం అసలు పలకనే లేదు, ఇంక దాన్ని ఎక్కడి నుంచి తెస్తారు? అదే మనిషి అదే స్థాయిలో "రేపు" అన్నది రికార్డింగ్‌లో ఇంకెక్కడైనా ఉంటే తెచ్చి అతికించి చూడొచ్చు. రాగం కలవకపోతే "రేపంటే"ని అలాగే ఉంచేయండి. వినిపించే తప్పు ఎడిటింగ్ కన్నా వినిపించే తడబాటే నయం.

రెండు ముక్కల అతుకు దగ్గర ఇంకా టక్ మంటుంటే క్రాస్‌ఫేడ్ చేయాలి. ఒక ముక్క తగ్గుతుండగా రెండోది పెరుగుతుంది. పది, ఇరవై మిల్లీసెకన్లు చాలు. టేపుల కాలంలో ఎడిటర్లు దీన్ని బ్లేడుతోనే సాధించేవారు. టేపుని నిలువుగా కాక 45 డిగ్రీల ఏటవాలుగా కోసి అతికించేవారు. సెకనుకి 15 అంగుళాల వేగంతో నడిచే పావు అంగుళం టేపు మీద ఆ ఏటవాలు దాటడానికి సెకనులో 60వ వంతు పడుతుంది. అంటే 17 మిల్లీసెకన్లకి కాస్త తక్కువ. ఇవాళ మనం వాడే క్రాస్‌ఫేడ్ కూడా దాదాపు అంతే ఉండటం చూస్తే ఆ చేతులకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఊపిరి శబ్దాలన్నీ తీసేయకండి. తీసేస్తే యంత్రం మాట్లాడినట్టుంటుంది. మరీ గట్టిగా వినిపించే ఊపిరి ఉంటే ఆ ముక్క సెలెక్ట్ చేసి, యాంప్లిఫైలో మైనస్ 8, మైనస్ 10 పెట్టి తగ్గించండి. ఎక్కడైనా దగ్గు తీసేస్తే ఏర్పడిన ఖాళీలో మొదట రికార్డు చేసిన గది నిశ్శబ్దం ముక్కని నింపండి. అచ్చమైన డిజిటల్ నిశ్శబ్దం పెడితే ఆ చోట ఫోన్ కట్టయినట్టు వినిపిస్తుంది.

కోతకి సాధన ఇలా చేయండి. మొదట మీరు చదివిన పేజీలో ఒక్కో వాక్యంలో ఒక్కో మాట తీసేయండి. తర్వాత అదే వాక్యం రెండుసార్లు రికార్డు చేసి, మొదటిదాంట్లోంచి సగం, రెండోదాంట్లోంచి సగం తీసుకుని ఒకటి చేయండి. ఇది కష్టం. స్వరం ఎత్తు కలవదు, వేగం కలవదు. ఎక్కడ అతికితే కలుస్తుందో వెతికే క్రమంలోనే చెవి తయారవుతుంది. ఆ తర్వాత ఎవరినైనా అడిగి ఐదు నిమిషాలు మాట్లాడించి, దాన్ని మూడు నిమిషాలకి కుదించండి. ముందు మొత్తం ఆపకుండా ఒకసారి వినండి. రెండోసారి వింటూ, తీసేయాల్సిన చోట్ల కంట్రోల్ ఎమ్ (మ్యాక్‌లో కమాండ్‌తో చుక్క కీ) నొక్కి గుర్తులు పెట్టండి. కోత మూడోసారి.

ఈ మూడో సాధన అయ్యాక ఆ మాట్లాడిన మనిషికి తప్పకుండా వినిపించండి. "చేయొచ్చు, కానీ జాగ్రత్తగా చేయాలి" అన్న మాటలో చివరి సగం కోసేస్తే ఆయన అనని మాట ఆయన నోట పెట్టినవాళ్లమవుతాం. కోయడం చేతనైనవాళ్ల మీద ఆ బాధ్యత ఉంది. "నేనన్నది ఇదే" అని ఆయన ఒప్పుకుంటేనే ఆ ఎడిట్ సరైనది.

నాయిస్ తీయడం

కోత అయ్యాకే ఇటు రండి. మొదట రికార్డు చేసిన పది సెకన్ల గది నిశ్శబ్దంలో రెండు మూడు సెకన్లు సెలెక్ట్ చేయండి. ఎఫెక్ట్ మెనూలో నాయిస్ రిమూవల్ అండ్ రిపేర్ కింద నాయిస్ రిడక్షన్ తెరిచి, గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కండి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కి తీసేయాల్సిన హోరు ఏదో తెలిసింది. ట్రాక్ మొత్తం సెలెక్ట్ చేసి మళ్లీ అదే ఎఫెక్ట్ తెరవండి. నాయిస్ రిడక్షన్ 6 డెసిబెల్ దగ్గర మొదలుపెట్టండి, సెన్సిటివిటీ 6 ఉండనివ్వండి. ప్రివ్యూ విని, చాలకపోతే 9కి, ఆఖరికి 12కి వెళ్లండి.

అక్కడే రెసిడ్యూ అని ఒకటుంటుంది. దాన్ని ఎంచుకుని ప్రివ్యూ నొక్కితే ఏం తీసేయబోతోందో అది మాత్రమే వినిపిస్తుంది. అందులో హోరు మాత్రమే ఉంటే సరే. మీ మాటలు గుసగుసగా వినిపిస్తుంటే గొంతుని కూడా తినేస్తోందని అర్థం, వెంటనే తగ్గించండి. ఈ ఒక్క మీట వాడకం తెలియక ఎన్నో మంచి రికార్డింగులు నీళ్లలోంచి మాట్లాడినట్టు తయారవుతున్నాయి. కొంచెం హోరు మిగిలినా గొంతు సహజంగా ఉంటే వినేవాళ్లు క్షమిస్తారు.

ఒకే తీరులో సాగే హోరుకే ఇది పనికొస్తుంది. మధ్యలో మోగిన హారన్, కుక్క అరుపు దీంతో పోవు. అవి మాట మీద పడితే ఆ వాక్యం మళ్లీ రికార్డు చేయడమే దారి.

గొంతుని తీర్చిదిద్దడం

ఇక్కడ త్వరగా సాగిపోవచ్చు. కింది స్థాయి శబ్దాలని తగ్గించే హై పాస్ ఫిల్టర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. బల్లకి చేయి తగిలిన దబదబలు, కింది స్థాయి గుయ్‌మనే మోత చాలావరకు పోతాయి. కరెంటు హమ్ దేశాన్ని బట్టి 50 లేదా 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, దాని రెట్టింపుల్లో కూడా వినిపిస్తుంది. గొంతు బరువుగా, కుండలోంచి వస్తున్నట్టు ఉంటే ఈక్వలైజర్‌లో 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెల్ తగ్గించండి. అంతకు మించి కదిలించాల్సి వస్తోందంటే మైక్ చోటు మార్చి మళ్లీ రికార్డు చేయడమే తేలిక.

కంప్రెసర్ గట్టిగా అన్న మాటకీ మెల్లగా అన్న మాటకీ మధ్య తేడాని తగ్గిస్తుంది. థ్రెషోల్డ్ అంటే ఏ స్థాయి దాటితే పని మొదలుపెట్టాలో చెప్పే గీత. రేషియో 3కి 1 అంటే ఆ గీతకి 6 డెసిబెల్ పైకి వెళ్లిన మాట 2 డెసిబెల్ పైనే ఆగుతుంది. మాటకి 2కి 1, 3కి 1 చాలు. నాయిస్ తీయడం కంప్రెసర్ కన్నా ముందే ఎందుకంటే, కంప్రెస్ చేసి మొత్తం పెంచినప్పుడు వెనకున్న హోరు కూడా పైకి లేస్తుంది.

2022లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి ట్రాక్ పక్కనుండే ఎఫెక్ట్స్ బటన్‌తో కొన్ని ఎఫెక్టులని వింటూనే మార్చుకోవచ్చు, అక్కర్లేదనుకుంటే ఆపేయొచ్చు, అసలు రికార్డింగ్ చెక్కుచెదరదు. 2024లో వచ్చిన 3.6లో కొత్త కంప్రెసర్, స్థాయి ఒక గీత దాటకుండా ఆపే లిమిటర్ ఈ పద్ధతిలోనే పని చేస్తాయి. నేర్చుకునేవాళ్లకి ఇది వరం. ఆన్ చేసి, ఆఫ్ చేసి, కళ్లు మూసుకుని పోల్చుకోండి.

వెనక సంగీతం కలపాలంటే

గొంతు ఒక ట్రాక్, సంగీతం ఇంకో ట్రాక్. సంగీతం ట్రాక్ పైన, గొంతు దాని కిందే ఉంచి, సంగీతాన్ని సెలెక్ట్ చేసి ఆటో డక్ ఎఫెక్ట్ ఇస్తే మాట వచ్చిన చోటల్లా సంగీతం తగ్గుతుంది. మొదట్లో ఇది చాలు. కానీ ఎన్వలప్ టూల్‌తో చేత్తో తగ్గించడం నేర్చుకుంటే ఫలితం ఇంకా బాగుంటుంది, ఎందుకంటే ఏ మాటకి ముందు సంగీతం ఒదగాలో మీకు తెలుసు, ఎఫెక్ట్‌కి తెలియదు. హెడ్‌ఫోన్స్‌లో సరిగ్గా అనిపించిన దాని కన్నా సంగీతం ఇంకో రెండు డెసిబెల్ తగ్గించండి. ఫోన్ స్పీకర్లో వినేవాళ్లకి మాట అందాలి కదా. వాడుకునే హక్కు ఉన్న సంగీతాన్నే వాడండి, సాధనకైనా మొదటి నుంచీ అదే అలవాటు చేసుకోండి.

ఎంత గట్టిగా ఉండాలి, ఎలా బయటికి తీయాలి

లౌడ్‌నెస్ నార్మలైజేషన్ ఎఫెక్ట్ ఉన్నది ఇందుకే. దీని కొలత ఎల్‌యూఎఫ్‌ఎస్, అంటే చెవికి సగటున ఎంత గట్టిగా అనిపిస్తుందో చెప్పే అంకె. పాడ్‌కాస్ట్ అయితే స్టీరియోకి మైనస్ 16, మోనోకి మైనస్ 19 అన్నది చాలామంది పాటించే లెక్క. యూరప్ ప్రసార సంస్థల ప్రమాణం మైనస్ 23. ఆడియోబుక్ పంపే చోట్ల నియమాలు వేరుగా ఉంటాయి. ఉదాహరణకి ఏసీఎక్స్ అనే ఆడియోబుక్ వేదిక ఆర్ఎంఎస్ (ఒక రకం సగటు) స్థాయి మైనస్ 23కీ మైనస్ 18కీ మధ్య ఉండాలంటుంది. పీక్, అంటే అత్యధిక స్థాయి, మైనస్ 3 దాటకూడదు, వెనక హోరు మైనస్ 60 లోపే ఉండాలి. మీ ఫైలు ఎక్కడికి వెళ్తుందో ముందే తెలుసుకుని దానికి తగ్గట్టు పెట్టండి. చివర్లో లిమిటర్ మైనస్ 1 దగ్గర, అడిగిన చోట మైనస్ 3 దగ్గర.

ప్రాజెక్ట్ సేవ్ చేయడం వేరు, ఎక్స్‌పోర్ట్ చేయడం వేరు. సేవ్ చేసిన ఏయూపీ3 ఫైలు ఆడాసిటీలోనే తెరుచుకుంటుంది. బయటివాళ్లకి ఇవ్వాలంటే ఎక్స్‌పోర్ట్ ఆడియో. ముందు వేవ్ ఒకటి తీసి దాచుకోండి, తర్వాత ఎంపీ3. సీడీ నాణ్యత స్టీరియో వేవ్ నిమిషానికి దాదాపు 10 ఎంబీ అవుతుంది, 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి 1 ఎంబీ. ఎంపీ3 ఫైలుని మళ్లీ తెరిచి ఎడిట్ చేసి మళ్లీ ఎంపీ3గా తీస్తే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. మార్పు అవసరమైతే ప్రాజెక్టుకే వెళ్లండి.

ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలుని మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా వినండి, తెర చూడకుండా. చూస్తూ వింటే కోత ఎక్కడుందో కళ్లు ముందే చెప్పేస్తాయి, చెవి నిజం చెప్పదు. వీలైతే ఒక రాత్రి గడిచాక, ఫోన్ స్పీకర్లో ఇంకోసారి. అనుమానం వచ్చిన నిమిషం, సెకను కాగితం మీద రాసుకుని, అవన్నీ ఒకేసారి సరిచేయండి.

ఆ తర్వాత

రోజుకి అరగంట చొప్పున చేసినా, వారానికి ఒక చిన్న పనిని చివరిదాకా పూర్తి చేసి ఎవరికైనా పంపండి. రెండు నిమిషాలదే కావొచ్చు. పది పనులు సగంలో వదిలేసినవాళ్ల కన్నా, ఒక పనిని ఎక్స్‌పోర్ట్ దాకా తెచ్చినవాళ్లకి ఎక్కువ వస్తుంది. పాత ప్రాజెక్టులు చెరిపేయకండి. కొన్ని నెలల తర్వాత మొదటిదాన్ని తెరిచి మళ్లీ మొదటి నుంచి ఎడిట్ చేయండి, అప్పుడు వినిపించని అతుకులు ఇప్పుడు వినిపిస్తాయి.

కోత నిలకడగా వచ్చాక స్పెక్ట్రోగ్రామ్ చూడటం మొదలుపెట్టండి. ట్రాక్ మెనూలో వేవ్‌ఫార్మ్ బదులు దాన్ని ఎంచుకుంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఏం జరుగుతోందో రంగుల్లో కనిపిస్తుంది. హమ్ అడ్డగీతలా, క్లిక్ నిలువుగీతలా ఉంటాయి. ట్రాకులు పది, ఇరవై దాటే పనులు వస్తుంటే రీపర్ వైపు చూడొచ్చు. డబ్బు కట్టకముందు 60 రోజులు అన్ని సదుపాయాలతో వాడి చూడనిస్తారు, ఈలోపు మీ పాత ప్రాజెక్టుల్లో ఒకదాన్ని అందులో మళ్లీ చేసి చూసుకుంటే అది మీకు కావాలో అక్కర్లేదో తేలిపోతుంది.